పిచ్చుక కాలిలో పరంజా

"కన్ను మరీ ఆనించేయకండి. కాస్త వెనక్కి," అంది ల్యాబులో కణాల మేడం.

పిచ్చుక వాళ్ళమ్మ వెనక్కి జరిగింది. అప్పటిదాకా తన కనురెప్పల వెంట్రుకలు తప్ప ఇంకేమీ కనబడని మైక్రోస్కోపులో ఒక్కసారిగా ఏదో తేటపడింది. సన్నగా, పొడుగ్గా, రెండు కొసలూ పట్టుకుని సాగదీసిన దూదిపింజల్లాంటివి, లెక్కలేనన్ని. ఒకదాన్నొకటి ఆనుకుని, అన్నీ ఒకే వైపు తిరిగి, కాలవలో చేపపిల్లల గుంపులా ఉన్నాయి.

"ఇవేనా?"

"ఇవే. మూలకణాలు. మీ అమ్మాయి తుంటి ఎముకలోంచి చెంచాడు మూలుగ తీశాం కదా, అందులో ఇవి ఎక్కడో ఒకటీ అరా ఉంటాయి. వాటిని ఏరి, మేపి, ఇదిగో ఇంతమందిని చేశాం."

"కదలటం లేదేమండీ? బతికే ఉన్నాయా?"

"మనం చూస్తున్నంతసేపూ కదిలినట్టుండవు. ఓసారి అటు వెళ్ళొచ్చి చూస్తే చోటు మారిపోయి ఉంటాయి."

"అయితే మా పిల్లవే, సందేహం లేదు," అంది పిచ్చుక వాళ్ళమ్మ. వెనకాల భర్త "నన్నూ కాస్త చూడనివ్వవే" అని భుజం తడుతున్నా మైక్రోస్కోపు వదలబుద్ధి కాలేదు.

పిచ్చుక ఆమె కూతురు. బళ్ళో రాయించిన పేరు వేరే ఉంది గానీ, నడక వచ్చిన నాటి నుంచి ఒక్కచోట కాలు నిలపక, కిటికీ నుంచి మంచానికీ మంచం నుంచి గడపకీ ఎగురుతుండేసరికి ఈ పేరే స్థిరపడిపోయింది. అలాంటి పిల్ల కాలి ఎముకకు చీము పట్టింది. మోకాలికీ చీలమండకీ మధ్య కుళ్ళిన ముక్కను, బొటనవేలంత, కోసి తీసేయాల్సి వచ్చింది. చీము తగ్గింది, ఖాళీ మిగిలింది. ఆ ఖాళీ తనంతట తాను పూడేది కాదని ఎముకల డాక్టరమ్మ తేల్చేసింది.

"వేరే చోట ఎముక తీసి పెడదామంటే ఇంత చిన్న ఒంట్లో అంత ముక్క ఎక్కడ దొరుకుతుంది? ఒక కొత్త పద్ధతి ఉంది. పిల్ల సొంత కణాల చేతే ఎముక కట్టించడం. ఎక్కువమందికి కుదిరింది. కొందరికి కుదరలేదు. కుదరకపోతే పెట్టింది తీసేసి మళ్ళీ మొదటికి రావాలి. అప్పుడు ఇంకోసారి పెట్టడానికి వీలవుతుందో లేదో ఇప్పుడే మాటివ్వలేను," అంది ఆవిడ, ఏదీ దాచకుండా.

తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన పిచ్చుక వాళ్ళమ్మకు ఆ మాటల్లో సగం అర్థమయ్యాయి. మిగతా సగం కడుపులో రాయిలా దిగాయి. ఆ రోజు నుంచి తింటున్నా ఆ రాయే, పడుకున్నా ఆ రాయే. ఇప్పుడీ గదిలో, కూతురి కణాలను కళ్ళారా చూశాక, మొదటిసారి ఆ రాయి కాస్త కదిలింది.

కణాల మేడం ఒక గిన్నెలోంచి తెల్లటి ముక్క తీసి ఆమె భర్త అరచేతిలో పెట్టింది. సుద్దముక్కలా ఉంది గానీ ఒళ్ళంతా చిల్లులే.

"ఇది చూపించడానికి ఉంచింది, పర్లేదు పట్టుకోండి. దీంట్లోనే ఆ కణాలను ఎక్కిస్తాం."

భర్త మేస్త్రీ. పెద్ద భవనాలకు పరంజాలు కట్టించడం, స్లాబులకు కింద పలకలూ పోట్లూ నిలబెట్టించడం ఆయన పని. తమ్ముడూ ఆయన దగ్గరే చేస్తాడు. తల్లి కూడా ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ సిమెంటు తట్టలు మోసిన మనిషే. మేస్త్రీ ఆ ముక్కను వేళ్ళ మధ్య పట్టుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి, ఒక చిల్లులోంచి అటు వైపు చూశాడు. ఇంకో చిల్లులోంచి చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇది పరంజా కదండీ. నిలువు గొట్టాలు, అడ్డ గొట్టాలు, మధ్యలో పనివాళ్ళు తిరగటానికి దారులు."

"మేమూ పరంజా అనే అంటాం. ఎముకలో ఉండే సున్నంలాంటి సరుకుతోనే చేస్తాం. మీ అమ్మాయి స్కాన్ చూసుకుని, ఆ ఖాళీలో సరిగ్గా పట్టేలా యంత్రమే పొర మీద పొర పోసి కడుతుంది."

"మరి పని అయ్యాక ఎవరు విప్పుతారు?"

"ఎవరూ విప్పక్కర్లేదు. ఎముక పెరిగేకొద్దీ అదే మెల్లమెల్లగా కరిగిపోతుంది."

మేస్త్రీ ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి మళ్ళీ చూశాడు. చివరికి, "ఆ ఉపాయమేదో మాకూ చెబుదురూ. కట్టేటప్పటి కంటే విప్పేటప్పుడే మావాళ్ళ నడుములు పడిపోతున్నాయి," అన్నాడు.

ముగ్గురూ నవ్వుకున్నారు. బయటికి వస్తుంటే గోడవారగా ఒక గాజు పెట్టె కనబడింది. లోపల గులాబీరంగు నీళ్ళు. ఆ నీళ్ళలో ఇంకో తెల్లముక్క. పైనుంచి ఒక సన్నటి లోహపు పుల్ల దిగి, ఆ ముక్కను ఇలా నొక్కి, అలా వదులుతోంది. మళ్ళీ నొక్కుతోంది, మళ్ళీ వదులుతోంది.

"పాపం, దాన్నెందుకండీ అలా పొడుస్తారు?" అంది పిచ్చుక వాళ్ళమ్మ.

"పొడవటం కాదమ్మా, నొక్కటం. ఊరికే కూర్చోబెడితే లోపలి కణాలు ఎముక కట్టవు. మీద బరువు పడుతోందని వాటికి తెలియాలి."

పిచ్చుక వాళ్ళమ్మ తలూపింది గానీ, ఆమె మనసంతా ఆ చేపపిల్లల గుంపు దగ్గరే ఉంది. ఇంటికి వెళ్తూ బస్సులో పక్క సీటావిడకు కూడా చెప్పింది, మా అమ్మాయి కణాలు ఎంత బావున్నాయో అని.

ఆపరేషను బాగా జరిగింది. పరంజాను ఖాళీలో అమర్చి, కదలకుండా పక్కన లోహపు పలక వేసి మరలు బిగించారు. గాయం చక్కగా మానింది. కట్టు తీసిన రోజు డాక్టరమ్మ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఇక కాలు నేల మీద మోపించండి. ఈ వాకరు పట్టుకుని రోజూ నడవాలి. ముందు కొంచెం బరువు, తర్వాత తర్వాత ఎక్కువ. పరుగులొద్దు, గెంతులొద్దు."

అందరూ విన్నారు. అందరికీ గుర్తున్నది మాత్రం చివరి మాటే, పరుగులొద్దు, గెంతులొద్దు.

ఇంటికి రాగానే మేస్త్రీ తీర్పు చెప్పేశాడు. "డాక్టరమ్మ చెప్పినట్టు నడవాల్సిందే. దీన్ని ఎవరూ ఎత్తుకోకూడదు. తెలిసిందా?"

"తెలిసింది," అన్నారు అందరూ.

కానీ అది సిమెంటు మనుషుల ఇల్లు. కొత్తగా పోసిన స్లాబు మీద కాలు పెట్టనివ్వకపోవటం, నీళ్ళు నిలిపి తడి ఆరకుండా చూడటం ఆ ఇంట్లో ఒకరు చెబితే తెలిసే సంగతి కాదు. అన్నం తిన్నంత అలవాటు. అత్తగారు మంచం పక్కన చెంబు పెట్టుకుని కూర్చుంది.

"తాగవే పిచ్చుకా, ఇంకో గుక్క."

"ఇందాకే కదా నానమ్మా తాగింది."

"నీళ్ళు కడితేనే గట్టిపడేది. తాగు."

తాగిన నీళ్ళు ఊరుకుంటాయా. పొద్దస్తమానం బాత్రూముకు ప్రయాణమే. వాకరు పట్టుకుని పిచ్చుక ఒక్క అడుగు వేస్తే పిచ్చుక వాళ్ళమ్మ గుండె జారి అరికాళ్ళలోకి వచ్చేది. లోపల ఆ సుద్దముక్క. ఆ చిల్లులు. తన వేలితో నొక్కినా చిట్లిపోతుందేమో అనిపించేంత సన్నటి గోడలు. దాని మీద పిల్ల బరువంతా. పైగా బాత్రూములో తడి.

"రా, ఈ ఒక్కసారికీ ఎత్తుకుంటా. మీ నాన్నకు చెప్పకు."

"చెప్పనులే అమ్మా," అని పిచ్చుక మెడ చుట్టూ చేతులు వేసేది.

ఒక్కసారి అన్నది బాత్రూముకు వెళ్ళిన ప్రతిసారీ అయింది. మిగతా వేళల్లో నడుస్తూనే ఉందిగా, వాళ్ళందరూ నడిపిస్తూనే ఉన్నారుగా అని ఆమె తనకు తాను సర్దిచెప్పుకునేది. పిల్ల కూడా హాయిగా ఉంది, బుగ్గలు కూడా వచ్చాయి. ఇంట్లో ఎవరి ముఖం చూసినా ధీమాగానే ఉంది.

ఆ ధీమాతోనే అందరూ కలిసి ఎక్స్‌రేకు వెళ్ళారు.

డాక్టరమ్మ బొమ్మను తెర మీద పెట్టి దగ్గరికి వంగింది. పక్కన కణాల మేడం కూడా ఉంది. ఆవిడా వంగి చూసింది. పిచ్చుక వాళ్ళమ్మకు ఎక్స్‌రేలు చదవటం రాదు. అయినా కనబడింది. పరంజా గళ్ళు కిటికీ ఊచల్లా ఇంకా స్పష్టంగా నిలబడి ఉన్నాయి. పైనా కిందా పొగమంచులాంటి పలచటి తెలుపు. మధ్యలో ఏమీ లేదు.

"ఈపాటికి ఇదంతా నిండాలి," అంది డాక్టరమ్మ మెల్లగా. "పనే మొదలవనట్టుంది. ఇంకొంత గడువు చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే తీసేయటం గురించి మాట్లాడుకోవాలి."

కడుపులో రాయి మళ్ళీ వచ్చి పడింది. పిచ్చుక వాళ్ళమ్మ కుర్చీ అంచు పట్టుకుంది.

"రోజూ నడుస్తోందా?" అంది డాక్టరమ్మ.

"నడుస్తోందండీ," అన్నారు నలుగురూ ఒక్క గొంతుతో. ఎవరికి వాళ్ళు మిగతా ముగ్గురి మీద నమ్మకంతో అన్నారు.

డాక్టరమ్మ లేచి వచ్చి, గోడకు ఆనించి ఉన్న వాకరును తీసుకుని తలకిందులు చేసింది. నాలుగు కాళ్ళకూ అడుగున ఉన్న రబ్బరు తొడుగుల మీద వేలితో రాసి చూసింది. అందరికీ కనబడేలా పట్టుకుంది. రబ్బరు మీద గీతలు కొట్లో ఉన్నప్పటిలాగే ఉన్నాయి. ఒక తొడుగు మీద అంటించిన చీటీ కూడా ఊడలేదు.

"ఇది నడిచిన వాకరు కాదు. పిల్లను ఎవరు ఎత్తుకుంటున్నారు?"

మేస్త్రీ పైకప్పు చూశాడు. అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుంది. మరిదికి ఉన్నట్టుండి తన చెప్పు మీద ఏదో మరక కనబడింది. పిచ్చుక వాళ్ళమ్మ నోరు తెరిచింది, కానీ ఆమె కంటే ముందే పిచ్చుక అందుకుంది.

"అమ్మ బాత్రూముకి. నానమ్మ కిటికీ దగ్గరికి. నాన్న మెట్ల మీద. బాబాయేమో మూల కొట్టుదాకా, మెడ మీద. అందరూ ఎవరికీ చెప్పద్దన్నారు. నేను చెప్పలేదు. ఇప్పుడు డాక్టరాంటీ అడిగింది కాబట్టి."

నలుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"అత్తయ్యా, మీరు కూడానా?"

"ఆ అనేదేదో నీ మొగుణ్ణి అను. తీర్పులు చెప్పింది వాడు."

"మెట్ల మీద ఒక్కచోటేనే అమ్మా. మిగతా వేళల్లో మీరు నడిపిస్తున్నారనుకున్నా."

"నేనూ అదే అనుకున్నానన్నయ్యా," అన్నాడు మరిది చెప్పు మీద మరకతోనే మాట్లాడుతున్నట్టు.

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "డాక్టరమ్మగారూ, మావల్ల తప్పే. కానీ కొత్తగా వేసిన స్లాబండీ. గట్టిపడకుండా దాని మీద ఎవర్నైనా కాలు పెట్టనిస్తామా? చేతులు ఆగలేదు."

"అందుకే నీళ్ళు కూడా పట్టిస్తున్నా," అంది అత్తగారు, కనీసం అదైనా లెక్కలోకి వస్తుందన్నట్టు.

డాక్టరమ్మకు కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది. ఏదో చెప్పబోయింది. కానీ అప్పటికే పిచ్చుక వాళ్ళమ్మ లేచి నిలబడింది. ఆమె కళ్ళ ముందు గులాబీరంగు నీళ్ళున్న గాజు పెట్టె నిలిచింది.

"ఆ పుల్ల," అంది. "మేడం, ఆ పెట్టెలో పుల్ల. నొక్కి వదిలేది. బరువు పడుతోందని వాటికి తెలియాలన్నారు. ఇంటికి తెచ్చుకున్నాక ఆ పుల్ల మా పిల్ల నడకే కదా. మేం దాన్ని ఆపేసి కూర్చున్నాం."

"సరిగ్గా అదే," అంది కణాల మేడం. "స్లాబుకు ప్రాణం లేదండీ, దాని మానాన దాన్ని వదిలేస్తే గట్టిపడుతుంది. ఇవి బతికున్నవి. పని చెప్పేవాళ్ళు లేకపోతే కూర్చుంటాయి."

"కూర్చున్నాయా, చచ్చిపోయాయా?" పిచ్చుక వాళ్ళమ్మ తెర దగ్గరికి వచ్చింది.

"చచ్చిపోతే ఈ మంచులాంటిది కూడా ఉండదు. చూడండి, రెండు చివర్లా మొదలుపెట్టాయి. పిలుపు కోసం చూస్తున్నాయి."

పరంజా మీద పనివాళ్ళు కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నట్టు మేస్త్రీకి కళ్ళకు కట్టింది కాబోలు, ఆయన ముఖం ఎర్రబడింది. "నా కూతురి కాల్లో నా పరంజా మీద కూర్చుంటారా," అన్నాడు, తన కూలీలను అన్నట్టే.

దారి పొడవునా పిచ్చుక వాళ్ళమ్మకు ఒళ్ళంతా ఏదో పాకుతున్నట్టుంది. భయమే. అయితే ఇన్నాళ్ళ భయం కాదు. ఇన్నాళ్ళూ ఏం చెయ్యాలో తెలియని భయం. ఇప్పుడు చేతికి పని దొరికింది, దాని విలువేమిటో కూడా తెలిసింది. ఇంట్లో అడుగు పెడుతూనే ఆమె తీర్పు చెప్పింది. ఆ ఇంట్లో ఆమె తీర్పు చెప్పటం అదే మొదలు.

"మన చేతుల్ని నమ్మటానికి వీల్లేదు. పిల్ల నడిచేటప్పుడు ఎవరి చేతులూ ఖాళీగా ఉండకూడదు. ఏదో ఒకటి పట్టుకోండి."

"ఏం పట్టుకోవాలి వదినా?"

"ఏదైనా. పిల్ల తప్ప."

అత్తగారు మడత దుప్పటిని గుండెకు హత్తుకుంది. మరిది నీళ్ళ బిందె ఎత్తుకున్నాడు. మేస్త్రీ తన పనిముట్ల సంచీ మెడలో వేసుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. పిచ్చుక వాళ్ళమ్మ తలగడ తీసుకుంది. పిచ్చుక వాకరు పట్టుకుని మంచం పక్కన నిలబడి వాళ్ళ వంక చూసి పకపకా నవ్వింది.

"ఇల్లు మారుతున్నామా?"

"నోరు మూసుకుని నడువు," అంది తల్లి. తలగడను గుండెలకు అదుముకుని, పిల్ల ముందు వెనక్కి వెనక్కి నడిచింది.

టప్. వాకరు ముందుకు పడింది. ఆపరేషనైన కాలు గాల్లో ఆగింది.

"మోపనా?"

పిచ్చుక వాళ్ళమ్మ చెవులు రిక్కించింది. ఏదైనా చిట్లుతుందేమో, చప్పుడవుతుందేమో. తలగడలో వేళ్ళు దిగిపోయాయి.

"మోపు," అంది.

కాలు మోపింది. ఏ చప్పుడూ లేదు. పిల్ల ముఖం కాస్త ముడుచుకుని మళ్ళీ విచ్చుకుంది. టప్. ఇంకో అడుగు. బాత్రూము గుమ్మం దాకా వెళ్ళేసరికి ఆ నలుగురికీ చెమటలు పట్టాయి. పిచ్చుకకు మాత్రం ఆకలేసింది.

ఆ మర్నాటి నుంచి ఇల్లు ఇల్లులా లేదు, పని జరుగుతున్న చోటులా ఉంది. పొద్దున్నే మేస్త్రీ మంచం పక్కన గొంతుక్కూచుని పిల్ల కాలి మీదికి వంగి కేకేసేవాడు. "లేవండర్రా, పొద్దెక్కింది. గోడ ఎంత లేచింది? ఆ మూల ఎవడ్రా కూర్చున్నది?" పిచ్చుక నవ్వలేక కడుపు పట్టుకునేది. ఆ తర్వాత కాలు కింద పెట్టి, "పనిలోకి వచ్చేస్తున్నారు నాన్నా" అనేది. అత్తగారు నీళ్ళ చెంబు తగ్గించి, పిల్ల వేసిన అడుగుకల్లా "ఊ, ఊ" అని ఊ కొట్టటం మొదలుపెట్టింది. మంచం నుంచి కిటికీకి, కిటికీ నుంచి గడపకు, గడప నుంచి మెట్లకు. మెట్ల దగ్గర పిచ్చుక వాళ్ళమ్మ తలగడ కొరుక్కుంది గానీ వదల్లేదు. మూల కొట్టుదాకా నడిచి వెళ్ళిన రోజు కొట్టావిడ బయటికి వచ్చి, బిందె మోస్తూ పక్కన నడుస్తున్న మరిదిని చూసి, "నీళ్ళు రావటం లేదా మీ వీధిలో?" అంది.

"నీళ్ళు కాదక్కా, మా వదిన శిక్ష," అన్నాడతను.

రాత్రిళ్ళు పక్క మీద వాలాక పిచ్చుక వాళ్ళమ్మ పిల్ల కాలి మీద అరచెయ్యి పెట్టుకునేది. లోపల జరుగుతున్నది చేతికి తెలియదని ఆమెకు తెలుసు. అయినా ఒకే వైపు తిరిగిన ఆ చేపపిల్లల గుంపు ఇప్పుడు గళ్ళలో దూరి, సున్నం మోసి, గోడలు కడుతోందని అనిపించేది. ఒక్కోసారి నమ్మకం పొంగేది. ఒక్కోసారి మధ్యలోని ఆ ఖాళీ గుర్తొచ్చి నిద్ర ఎగిరిపోయేది. తెల్లారగానే తలగడ తీసుకుని నిలబడేది.

మళ్ళీ ఎక్స్‌రే రోజు రానే వచ్చింది. గదిలోకి వెళ్ళగానే, ఎవరూ అడగకముందే పిచ్చుక వాళ్ళమ్మ వాకరును తలకిందులు చేసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది. నాలుగు తొడుగులూ అరిగి నున్నగా అయ్యాయి. ఒకదానికి అడుగున చిల్లే పడి లోపలి గొట్టం కనబడుతోంది.

"ముందు ఇది చూడండి," అంది.

"చూశాను," అంది డాక్టరమ్మ. "ఇప్పుడు మీరు ఇది చూడండి."

తెర మీద బొమ్మ వెలిగింది. పిచ్చుక వాళ్ళమ్మ ఊచల కోసం వెతికింది. ఊచలు కనబడలేదు. ఒకచోట గీతలాగా, ఇంకోచోట నీడలాగా ఉన్నాయంతే. వాటి మీదుగా, వాటి మధ్యగా, పై నుంచి కిందిదాకా తెల్లగా, చిక్కగా, ఎక్కడా తెగకుండా ఉంది.

"ఏది పరంజా, ఏది ఎముక?" అంది పిచ్చుక, కుర్చీ మీద మోకాళ్ళు వేసి.

డాక్టరమ్మ వేలు ఎత్తి తెర మీద అక్కడా ఇక్కడా తిప్పి దించేసింది. "గీత గీసి చూపించలేను. ఎముకే ఎక్కువైపోయింది. ఇక దీన్ని తీసే మాటే లేదు. వాకరు కూడా ఇక్కడే వదిలేసి వెళ్ళొచ్చు."

మేస్త్రీ తెరకు ముక్కు ఆనించి చూశాడు, అప్పుడు చిల్లులోంచి చూసినట్టే. "విప్పకుండానే పోతోంది," అన్నాడు. పనిముట్ల సంచీలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాడు. కణాల మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. పిచ్చుక వాళ్ళమ్మ కడుపులో రాయి ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియలేదు. నవ్వాలో ఏడవాలో తేలక, చేతిలో తలగడ ఉందనుకుని అదుముకుంటే చేతులే దొరికాయి.

గది బయట వరండా చివర కూర్చున్న అత్తగారికి కబురు చెప్పటానికి పిచ్చుక బయల్దేరింది. వాకరు లేదు. కొత్త కాలు కొంచెం ఎడంగా పడుతోంది, అయినా పడుతోంది. అది దూరం నుంచే చూసిన అత్తగారు అన్నీ మరిచిపోయి, అలవాటుగా ఒళ్ళో పెట్టుకున్న దుప్పటి అవతల పారేసి, నేల మీద గొంతుక్కూచుని రెండు చేతులూ చాచింది.

"రా నా తల్లీ, రా, ఎత్తుకుంటా."

పిచ్చుక వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. వద్దని అరుద్దామనుకుంది. అరవక్కర్లేకపోయింది.

"వద్దు నానమ్మా, పనివాళ్ళు కూర్చుంటారు," అంటూ పిచ్చుక ఆ చాచిన చేతుల పక్కగా దాటి, కిటికీ దాకా నడిచి, అక్కడ తిరిగి నిలబడి అందర్నీ చూసింది.

అత్తగారు చేతులు అలాగే చాచి, మోకాళ్ళు పట్టేసి, లేవలేక కాసేపు చూసింది.

"దాని సంగతి సరే," అంది చివరికి. "ముందు నన్నెవరైనా ఎత్తండర్రా."